ఎదుట ఎవరూ లేని బంతి

తాడేపల్లిగూడెంలో ఆ సాయంత్రం మేము ఎందుకు ఓడిపోయామో తర్వాత చాలామంది చాలా రకాలుగా చెప్పారు. నాకు మాత్రం ఒక్క దృశ్యమే మిగిలిపోయింది. నెట్టు అవతల మమ్మల్ని అడ్డుకోవలసిన ఇద్దరమ్మాయిలూ మోసపోయి వేరేచోట గాల్లోకి లేచి ఉన్నారు. బంతి ఎదుట ఎవరూ లేరు. వాలీబాల్‌లో అంత ఖాళీ దొరకడం అరుదు. ఆ ఖాళీ ముందు మా అమ్మాయి ఎగిరి చెయ్యి బలంగా విసిరింది. బంతి ఆమె భుజం పక్క నుంచి జారి మా వైపే నేలమీద పడింది. ఆమె చేతికి గాలి తప్ప ఏమీ తగల్లేదు.

ఏళ్ళు గడిచాయి. ఇప్పటికీ దీపాలు పెట్టే వేళ వంటింట్లో ఏదో చేసుకుంటూ ఉంటే, హఠాత్తుగా ఆ చెయ్యి నా కళ్ళ ముందు లేస్తుంది.

అప్పుడు నేను ఏలూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది దెందులూరు దగ్గర ఊరు. నాన్నగారు మిషన్ బడిలో టీచరు. మా చర్చి ఆవరణలో సాయంత్రాలు పెద్దవాళ్ళు వాలీబాల్ ఆడేవారు. ఆడపిల్లలం కూడా ఆడితే తప్పేంటని పాస్టరమ్మగారు మాకూ ఒక పాత నెట్టు కట్టించారు. కాలేజీలో చేరేసరికి నాకు వచ్చింది ఒక్కటే విద్య: రెండో బంతి. అంటే మావాళ్ళు ఎలాగో పైకి లేపిన బంతిని వేళ్ళతో అందుకుని, కొట్టే అమ్మాయికి అనువుగా గాల్లో పెట్టడం. సెట్టర్ అంటారు. సెట్టరు పేరు ఎవరికీ గుర్తుండదు. కొట్టినవాళ్ళకే చప్పట్లు. నాకు అదే హాయిగా ఉండేది.

మా జట్టులో గట్టిగా కొట్టే అమ్మాయి నాకంటే ఒక ఏడాది చిన్నది. కొల్లేరు లంక గ్రామం నుంచి వచ్చింది. అందరం ఆమెను లంకమ్మాయి అనేవాళ్ళం, ఆమె ఏమీ అనుకునేది కాదు. సన్నగా, పొడుగ్గా ఉండేది. చిన్నప్పటి నుంచీ దోనెలో నిలబడి పొడుగాటి గెడతో దాన్ని నెట్టిన ఒళ్ళు, అందుకే గాల్లో కూడా ఒరిగేది కాదు. పగటిపూట ఆమె ఆట చూడాలి. మేము బంతి అందుకోవడానికి పరిగెత్తుతుంటే ఆమె మాత్రం అది ఎక్కడ దిగుతుందో ముందే వెళ్ళి నిలబడినట్టుండేది.

ఆట బయట మాత్రం అంత మొద్దుపిల్ల ఇంకొకతె లేదనుకునేవాళ్ళం. హాస్టల్ వరండాలో బకెట్లు తన్నేది. గడపకు కాలు కొట్టుకునేది. సాయంత్రం కాలవగట్టు మీదుగా హాస్టల్‌కి వచ్చేటప్పుడు ఎప్పుడూ నా భుజం మీద చెయ్యి వేసి నడిచేది. నా మీద ప్రేమనుకుని నేను మురిసిపోయేదాన్ని. కరెంటు పోతే మంచం మీద కదలకుండా కూర్చునేది. మిగతావాళ్ళం ఆరుబయటికి పోయి కబుర్లు చెప్పుకుంటుంటే, "నువ్వు రావే?" అని ఎవరైనా పిలిస్తే, "నాకు తలనొప్పిగా ఉందండీ అక్కా, మీరెళ్ళండి" అనేది.

మా పీడీ మేడం యాభై దాటిన మనిషి. చీర కట్టి, కింద తెల్లటి కాన్వాసు బూట్లు వేసుకుని గ్రౌండుకి వచ్చేవారు. ఆమె మాకు ఒక ఎత్తు నేర్పారు. మేము దానికి దొంగ షాట్ అని పేరు పెట్టుకున్నాం. మా జట్టులో ఇంకొక అమ్మాయి ఉండేది, ఏలూరు టౌనులో ఒక సాయిబుగారి కూతురు. ఆయన టైలరు. ఆ అమ్మాయి ఎగరడంలో దిట్ట. నేను బంతి అందుకునే క్షణానికి ఆమె సరిగ్గా నా ముందు గాల్లోకి లేచి, కొట్టేస్తున్నట్టు చెయ్యి విసరాలి. ఎదుటివాళ్ళు ఆమెను ఆపడానికి ఎగురుతారు. నేను ఆమెకు ఇస్తున్నట్టే ఇచ్చి, బంతిని ఆమె తల మీదుగా కొంచెం అవతలికి నెడతాను. ఆమె వెనక నుంచి అడ్డంగా పరిగెత్తుకొచ్చి లంకమ్మాయి కొడుతుంది. అప్పటికి ఎదుటివాళ్ళు కిందికి దిగుతూ ఉంటారు.

ఇలాంటి షాట్‌కి ముందే సైగ కావాలి. మొదట్లో నేను వీపు వెనక వేళ్ళతో చూపించేదాన్ని. కొన్నాళ్ళకు లంకమ్మాయి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"అక్కా, వేళ్ళు వద్దండీ. నోటితో ఏదైనా మాట అనండి."

"నోటితో అంటే వాళ్ళకీ వినపడుద్ది కదే?"

"వాళ్ళకి అర్థం కాని మాట అనండి. నీళ్ళు అనండి. దాహం వేసిందనుకుంటారు."

అందరం నవ్వాం. ఆ మాటే ఖాయమైంది. అప్పటి నుంచి ఆట మధ్యలో నేను "నీళ్ళు!" అని అరిస్తే అది దొంగ షాట్. ఆమె ఎందుకు అడిగిందని మాలో ఎవరూ ఆలోచించలేదు.

కాలేజీల పోటీలు ఆ చలికాలం తాడేపల్లిగూడెంలో జరిగాయి. పొద్దున్న సెమీఫైనల్లో దొంగ షాట్ వేసిన ప్రతిసారీ పాయింటు వచ్చింది. ఎదుటి జట్టు కోచ్ తల పట్టుకున్నాడు. ఫైనల్ మధ్యాహ్నం మొదలవ్వాలి. ఆ ఊరి జట్టుతోనే. కానీ ముఖ్య అతిథిగారు రావడం ఆలస్యమైంది. వచ్చాక శాలువాలు, ఉపన్యాసాలు. మేము ఒళ్ళు వేడెక్కించుకోవడం, మళ్ళీ చల్లబడిపోవడం, మళ్ళీ వేడెక్కించుకోవడం. ఆట మొదలయ్యేసరికి ఎండ పసుపు రంగులోకి దిగింది.

నాలుగు సెట్లయ్యేసరికి చెరి రెండు. ఆఖరి సెట్టుకు ముందు రిఫరీగారు రెండు జట్లనీ పిలిచారు.

"వెలుతురు తగ్గిపోతోందమ్మా. దీపాలు వేయిస్తాం. లేదంటే ఈ సెట్టు రేపు పొద్దున్నే ఆడదాం. ఏమంటారు?"

మా మేడం మా వైపు తిరిగారు. అందరం "ఆడేద్దాం మేడం" అన్నాం. లంకమ్మాయి ఒక క్షణం ఆగింది. ఆగినట్టు నాకు తర్వాత గుర్తొచ్చింది, అప్పుడు కాదు. "ఆడేద్దాం మేడం" అని ఆమె కూడా అంది.

కోర్టుకు ఒక పక్కన మాత్రమే వెదురు కర్రలకు కట్టిన లైట్లు వెలిగాయి. ఓల్టేజి లేక అవి ఎర్రగా, నీరసంగా ఉన్నాయి. ఊరి జట్టు గెలుపు దగ్గరికి వస్తోందని ఎవరో డప్పులవాళ్ళను తీసుకొచ్చారు. ప్రతి పాయింటుకీ డప్పులు, ఈలలు. ఆ గోలలో కూడా మేము ముందుకు వచ్చాం. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు మాది.

ఎదుటివాళ్ళు సర్వీసు వేశారు. మావాళ్ళు అందుకున్న బంతి నా నెత్తిమీదికి చక్కగా వచ్చింది. నేను గొంతు చించుకుని "నీళ్ళు!" అన్నాను. టైలరుగారమ్మాయి లేచింది. ఎదుటివాళ్ళిద్దరూ ఆమెతో పాటు లేచారు. బంతి నా వేళ్ళ నుంచి వెళ్ళిపోయింది. ఆ క్షణాన నా గుండె నిండిపోయింది, ఎందుకంటే అది నేను జీవితంలో పెట్టిన అన్ని బంతుల్లోకీ మంచిది.

తర్వాత జరిగింది చెప్పాను కదా.

జనం పెద్దగా నవ్వారు. ఆ నవ్వు తగ్గకముందే ఎదుటివాళ్ళు మళ్ళీ సర్వీసు వేశారు. తర్వాత పాయింట్లన్నీ వాళ్ళవే. కప్పు వాళ్ళదే.

రాత్రి బస్సులో తిరుగుముఖం పట్టాం. ఏలూరు పొలిమేర వచ్చాక టైలరుగారమ్మాయి ఒక్కసారిగా లేచి లంకమ్మాయి సీటు ముందు నిలబడింది.

"కొట్టలేకపోతే కొట్టలేకపోయావు. అసలు బంతి తాకను కూడా తాకలేదేంటే? చిన్నపిల్లలు కూడా తాకుతారే! ఏమైంది నీకు? భయమా?"

"భయమే" అంది లంకమ్మాయి. తల కిటికీకి ఆనించి, బయట ఏమీ కనపడని చీకట్లోకి చూస్తూ ఉంది.

రెండు రోజుల తర్వాత నాన్నకు బాగా లేదని చెప్పి ఊరికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆమె బూట్లు మంచం కింద అలాగే ఉన్నాయి. ఆ బూట్లు చూస్తే నాకు ఆమె పరుగు వినపడేది: రెండు చిన్న అడుగులు, ఒక పెద్ద అడుగు, ఆ తర్వాత ఏ చప్పుడూ ఉండదు, ఎందుకంటే అప్పటికి ఆమె గాల్లో ఉంటుంది. హాస్టల్ వరండాలో ఎవరైనా అలా నడిస్తే నేను చదువుతున్న పుస్తకం మూసేసేదాన్ని.

ఆ పోటీలను పెళ్ళిళ్ళకు వీడియో తీసే ఒకాయన తీశాడు. పీడీ మేడం ఆ సీడీ తెప్పించారు. కాలేజీ టీవీ ఉన్న గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి, ఆ ఒక్క షాట్‌నే ఆపి ఆపి చూపించారు.

"ఓడినందుకు కాదర్రా. షాట్ ఎక్కడ చచ్చిపోయిందో తెలుసుకోవాలి. కొట్టేవాళ్ళ చేతి దగ్గర చచ్చిపోయినట్టు కనపడుతుంది. చాలాసార్లు దానికి ముందు చేతిలోనే, ఇంకా ముందు చేతిలోనే చచ్చిపోయి ఉంటుంది. వెనక్కి వెళ్దాం."

వెనక్కి వెళ్ళాం. మొదటి బంతి బాగుంది. నేను నిలబడిన చోటు సరైనదే. టైలరుగారమ్మాయి సరైన వేళకే లేచింది, కొంచెం కూడా ముందు కాదు, వెనక కాదు. ఎదుటివాళ్ళు పూర్తిగా మోసపోయారు. నేను పెట్టిన బంతి ఎత్తు, దూరం, పొద్దున్న పెట్టినట్టే ఉన్నాయి. మేడం నల్లబల్ల మీద సుద్దతో గీతలు గీశారు. చెరిపేశారు. మళ్ళీ గీశారు.

"ఇందులో తప్పు లేదు" అన్నారు చివరికి. అలా అంటున్నప్పుడు ఆమె ముఖం నాకు నచ్చలేదు. ఏ తప్పూ లేకుండా ఓడిపోవడం ఆమె ముప్ఫై ఏళ్ళ అనుభవంలో లేదేమో.

"ఉంది కదండీ మేడం, తప్పు ఆవిడగారిదే" అంది టైలరుగారమ్మాయి.

"ఆమె వేళకు బయల్దేరింది. వేళకు ఎగిరింది. చూడు. చెయ్యి మాత్రం వేరేచోట ఉంది. భయపడినవాళ్ళు ఇలా కొట్టరమ్మా. భయపడితే చెయ్యి మెత్తబడుతుంది. ఈ చెయ్యి చూడు, బంతి తగిలి ఉంటే పగిలిపోయేది."

నేను మేడంని అడిగి ఆ సీడీ ఆదివారం ఇంటికి తీసుకెళ్ళాను. చర్చి నుంచి వచ్చాక, అమ్మ వంట చేస్తుండగా పెట్టుకుని చూడటం మొదలుపెట్టాను. పొద్దుటి ఆట, సాయంత్రం ఆట, మళ్ళీ పొద్దుటి ఆట. పొద్దున్న షాట్లలో ఆమె తల బంతి వెంట తిరుగుతోంది. బంతి నా చేతుల్లో ఉన్నప్పుడు నా వైపు, గాల్లోకి లేచాక పైకి. సాయంత్రం షాట్‌లో ఆమె ముఖం నా చేతుల వైపే ఉండిపోయింది. బంతి వెళ్ళిపోయింది, ముఖం కదల్లేదు. ఎగిరాక కూడా కళ్ళు నా వైపే ఉన్నాయి. బొమ్మ ఆపితే టీవీలో ఆ కళ్ళు సరిగ్గా నన్నే చూస్తున్నట్టున్నాయి. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. అమ్మ వంటింట్లోంచి "ఏమైందే, అలా అయిపోయావు?" అంది. ఏమీ లేదన్నాను.

ఆపేయబోతూ ఇంకొంచెం వెనక్కి వెళ్ళాను. ఆఖరి సెట్టు మధ్యలో మేము గీత బయట నిలబడి నీళ్ళు తాగుతున్న ముక్క. అసలు ఎవరూ చూడని ముక్క. ఎవరో ఆమె వైపు సీసా చాచారు. ఆమె చెయ్యి సీసా పక్కన ఖాళీలోకి వెళ్ళింది. వెతికింది. మళ్ళీ వెతికింది. అప్పుడు పక్కన నిలబడ్డ నేనే, ఎవరితోనో మాట్లాడుతూ, ఆమె వైపు చూడకుండానే, సీసా అందుకుని ఆమె చేతిలో పెట్టాను. ఎన్నిసార్లు పెట్టానో అలా. భోజనాల దగ్గర గ్లాసు, బస్సులో సంచి, మెట్ల దగ్గర చెయ్యి.

నాన్నగారిని పిలిచి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. ఆ ముక్కను రెండుసార్లు వెనక్కి తిప్పించారు.

"ఈ అమ్మాయికి రేచీకటమ్మా" అన్నారు.

తర్వాతి వారం ఒక పొద్దున్నే మేడం, నేను ఏలూరు నుంచి లంకలకు వెళ్ళే బస్సు ఎక్కాం. రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు, నీళ్ళ మీద పొగమంచు. కొల్లేటిలో తవ్విన ఆ చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేస్తుందని అప్పటికే ఊళ్ళన్నీ గుబులుగా ఉన్నాయి. బస్సులో అందరూ అదే మాట్లాడుకుంటున్నారు. చివర కొంత దూరం దోనెలో వెళ్ళాలి. మేడం చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, బూట్లు చేత్తో పట్టుకుని దోనె మధ్యలో కూర్చున్నారు.

లంకమ్మాయి వాళ్ళమ్మగారు మమ్మల్ని చూసి కంగారుపడ్డారు. "రండమ్మా, రండి, కూర్చోండి. టీ పెడతాను" అంటూ నులక మంచం మీద దుప్పటి పరిచారు. వరండాలో ముప్ఫై అయిదేళ్ళ మనిషి ఒకాయన వల బాగుచేస్తున్నాడు. తల ఎత్తకుండా, వేళ్ళతో తడుముతూ చిరుగు ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. మేము నమస్కారం పెట్టినా చూడలేదు. "ఎవరండీ?" అని అడిగాడు, మాకు కొంచెం పక్కకు తిరిగి.

"మా తమ్ముడండీ" అంది వాళ్ళమ్మ. "ముందు రాత్రిళ్ళే కనపడేది కాదు. తర్వాత పక్కన ఉన్నవి కనపడటం మానేశాయి. ఇప్పుడు ఏమీ లేదు. నాది మేనరికమండీ. దీనికీ అదే పట్టింది. ఎవరికీ చెప్పద్దంది. చెబితే ఆట మానిపించేస్తారని ఏడ్చింది."

లంకమ్మాయి ఇంటి వెనక గట్టు మీద ఉంది. పగలు కాబట్టి మామూలుగానే నడిచి వచ్చింది. నన్ను చూసి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. మేడం మమ్మల్ని వదిలేసి లోపల వాళ్ళమ్మతో మాట్లాడుతున్నారు.

"సీడీ చూశాను" అన్నాను.

ఆమె గడ్డి పీకుతూ ఉండిపోయింది.

"సాయంత్రాలు మన గ్రౌండులో ఎలా ఆడావే? మసక పడేదాకా ఆడేవాళ్ళం కదా. అప్పుడు కూడా కొట్టేదానివి."

"వినేదాన్నండీ అక్కా."

"ఏం వినేదానివి?"

"మీ వేళ్ళ చప్పుడు. బంతి మీ వేళ్ళకి తగిలితే చిన్న చప్పుడు వస్తుంది కదా. అది వినపడగానే ఎగిరితే, బంతి అక్కడికే వస్తుంది. మీరు ఎప్పుడూ ఒకేలా పెడతారు కదా. మన గ్రౌండులో ఎవరూ ఉండరు, అంతా వినపడేది."

ఆగింది. నీళ్ళ మీద ఏదో పిట్ట పరిగెత్తి ఎగిరిపోయింది.

"అక్కడ డప్పులు మోగాయండీ. చప్పుడు వినపడలేదు. మీ చేతులు కొంచెం తెల్లగా కనపడ్డాయి. వాటినే చూస్తూ ఎగిరాను. బంతి ఎప్పుడు వెళ్ళిపోయిందో తెలీలేదు, అందాజుగా చెయ్యి విసిరాను."

"కనపడనప్పుడు ఎందుకు పరిగెత్తావే?"

"మీరు నీళ్ళన్నారు కదండీ" అంది, అదేదో అడగవలసిన ప్రశ్నే కాదన్నట్టు.

మేము అంతకాలం వెతికిన జవాబు అదే. షాట్‌లో తప్పు లేదు. చేతుల్లో తప్పు లేదు. ఎవరో సంబరం కొద్దీ కొట్టిన డప్పు ఒక చిన్న చప్పుడుని మింగేసింది. ఆ చిన్న చప్పుడు మీదే మా ఆటంతా నిలబడి ఉందని, అది చేస్తున్న నాకే తెలియదు. నా వేళ్ళకు చప్పుడుంటుందని కూడా నాకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు దోనెలో మేడం ఒక్క మాటే అన్నారు. "ముప్ఫై ఏళ్ళుగా పిల్లల కాళ్ళు చూశాను, చేతులు చూశాను. కళ్ళు చూడలేదే."

ఆమె ఊరుకునే మనిషి కాదు. లంకమ్మాయిని బెజవాడలో కళ్ళ డాక్టరు దగ్గరికి తానే తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఒక యంత్రంలోకి తల పెట్టించి, చుట్టూ చిన్న చిన్న వెలుగు చుక్కలు చూపించి, కనపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను బయట అద్దంలోంచి చూస్తున్నాను. ఆమె చేతిలో మీట చాలాసేపు కదలకుండా ఉండేది. వెలుగు వస్తోందో లేదో నాకు తెలియదు. ప్రతిసారీ నొక్కాలని లోపల నేను ప్రార్థన చేస్తున్నాను.

కంటి వెనక పొర అంచుల నుంచి చచ్చిపోతూ వస్తోందని డాక్టరుగారు చెప్పారు. మధ్యలో చూపు కొన్నేళ్ళు ఉంటుంది. మందు లేదు. "ముందే వచ్చినా చేయగలిగింది పెద్దగా లేదు, మీరెవరూ మనసు కష్టపెట్టుకోకండి" అన్నారు, మేడం ముఖం చూసి. మేడం మనసు ఆ మాటతో తేలికపడలేదు. బయటికొచ్చాక బెంచీ మీద కూర్చుని చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లంకమ్మాయే ఆమెను ఓదార్చింది.

ఏలూరు వచ్చాక సంగతి జట్టుకు చెప్పాను. టైలరుగారమ్మాయి లేచి వెళ్ళిపోయింది. మర్నాడు హాస్టల్‌కి వచ్చి, లంకమ్మాయి మంచం కింద బూట్లు తీసి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ అక్కడే పెట్టింది. తర్వాత ఆమె దొంగ షాట్‌కి ఎప్పుడూ ఎగరలేదు. మేడం అడిగినా, "ఇంకేదైనా చెప్పండి మేడం" అనేది.

లంకమ్మాయి తిరిగి కాలేజీకి వచ్చింది. ఆటకు కాదు, చదువుకు. ఆ వేసవిలో గట్లు కొట్టేశారు. వాళ్ళ నాన్నగారు పని చేసే చెరువు కూడా పోయింది. ఆయన ఆకివీడు వైపు ఐసు ఫ్యాక్టరీలో పనికి చేరాడు. ఇంట్లో చదువు మానేయమంటే మేడం మళ్ళీ దోనె ఎక్కి వెళ్ళారు. నా డిగ్రీ అయిపోయినా, ఏలూరులోనే ఉండి వ్యాయామ టీచరు కోర్సుకు చదువుతూ, ఆదివారాలు ఆమెకు పాఠాలు చదివి వినిపించేదాన్ని. అక్షరాలు కనపడుతున్నా వరస దొరకబుచ్చుకోలేక, ఆఖరి సంవత్సరం పరీక్షలు ఆమె ఇంకొకరి చేత రాయించుకుంది. తాను చెబుతుంటే, ఇంటర్ చదివే అమ్మాయి రాసింది. పాసైంది.

ఒకసారి, ఇంకా మధ్య చూపు బాగానే ఉన్న రోజుల్లో, మంచి ఎండలో మా గ్రౌండుకి వచ్చింది. ఇద్దరమే ఉన్నాం. నేను బంతులు పెట్టాను, ఆమె కొట్టింది. కొన్ని తగిలాయి, కొన్ని తగల్లేదు. తగిలినవి మాత్రం పాత దెబ్బలే. నాకు ఆశ పుట్టింది. "ఆ షాట్ వేద్దామా?" అని అడిగాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, ఊపిరి తీసుకుంటూ, నెట్టు వైపు చూసింది. "వద్దక్కా, అది వద్దండీ" అంది. నేను బలవంతం చేయలేదు. బంతి చంకలో పెట్టుకుని ఇద్దరం నీడలోకి నడిచాం.

నాకు కామవరపుకోట దగ్గర ఒక బళ్ళో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఆడపిల్లలకు వాలీబాల్ నేర్పుతాను. ఎండ పూర్తిగా పోకముందే నెట్టు విప్పించేస్తాను. పిల్లలు గొణుగుతారు. "ఇంకా వెలుతురుంది కదండీ టీచర్" అంటారు. ఉంటుంది నిజమే. కానీ ఆ వేళకు నా మనసు నా మాట వినదు. పిల్లల్లో ఎవరో నా వెనక నుంచి అడ్డంగా పరిగెత్తుకు వస్తున్నట్టు అనిపిస్తుంది. రెండు చిన్న అడుగులు, ఒక పెద్ద అడుగు. తిరిగి చూస్తే అక్కడ ఎవరూ ఉండరు. ఎవరో ఒక పిల్ల బంతి పట్టుకుని, టీచరు ఎందుకు ఆగిపోయిందా అని చూస్తూ ఉంటుంది.

కొన్నేళ్ళకు ఆమె చూపు పూర్తిగా వెళ్ళిపోయింది. ఒక్కరోజులో కాదు. ఫోన్లో మాట్లాడినప్పుడల్లా ఏదో ఒకటి తగ్గుతూ వచ్చింది. ఒకసారి అక్షరాలు, ఒకసారి ముఖాలు. ఇప్పుడు లంకలోనే చిన్నపిల్లలకు పాఠాలు, పాటలు చెబుతుంది. పెళ్ళి చేసుకుంది. ఆయన పడవ నడుపుతాడు, మెతక మనిషి. నేను వెళ్ళినప్పుడు ఆయనే చేపలు వండి పెట్టాడు.

ఈమధ్య ఒక ఆదివారం ఫోన్ చేసి, మాటల మధ్యలో, "అక్కా, కలలు వస్తున్నాయండీ" అంది.

"ఏం కలలే?"

"తాడేపల్లిగూడెంలో ఆడుతున్నట్టే. కలలో నాకు బాగా కనపడుతుంది. బంతి తెల్లగా, ఇంత పెద్దదిగా ఉంటుంది. కుట్లు కూడా కనపడతాయి."

"కొడతావా మరి?"

"చెయ్యెత్తుతానండీ. అప్పుడు చుట్టూ చూస్తే మీరెవరూ ఉండరు. కోర్టంతా ఖాళీ. ఆ బంతి ఎవరు పెట్టారో తెలీదు."

 ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. అవతల నుంచి కొల్లేటి గాలి హోరు, ఎక్కడో మోటారు చప్పుడు, పిల్లలెవరో పోట్లాడుకోవడం వినపడుతున్నాయి. ఆమె వాళ్ళను ఒకసారి కేకేసింది. తర్వాత, పొయ్యి మీద పులుసు మాడిపోతోందని, మళ్ళీ చేస్తానని చెప్పి పెట్టేసింది.